ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్ల నంబర్ ఇవ్వండి

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈసారి సంచికకి వేట మీద రాస్తున్నానని క్లబ్ గ్రూపులో పెట్టగానే ఇద్దరు కోపం ఎమోజీలు పెట్టారు, ఒకడు ‘బాహుబలి మూడో భాగమా?’ అని అడిగాడు. నేను వేటగాణ్ణి కాదు. విల్లు పట్టుకున్నది జీవితంలో ఒక్కసారి, ఆరో క్లాసులో ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి రాముడి వేషం వేసినప్పుడు. బాణం ప్లాస్టిక్‌ది. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి వత్తులూ దీర్ఘాలూ తప్పితే ఎడిటర్ అక్కని తిట్టండి, దిద్దే బాధ్యత తనది.

వేట మంచిదా చెడ్డదా అని నేను తేల్చబోవడం లేదు. ఆదివారం చికెన్ కొట్టు ముందు క్యూలో నిలబడే నాకు ఆ తీర్పు చెప్పే అర్హత ఉందని కూడా అనుకోను. నేను చెప్పాలనుకుంది అంతకంటే చిన్న విషయం. డబ్బులిచ్చి, తెలియని అడవిలోకి, తెలియని మనిషి వెనక వెళ్లేటప్పుడు ఆ మనిషిని ఎలా ఎంచుకోవాలి? నేను ఒకసారి తప్పుగా ఎంచాను. దాని ఫలితం కొలరాడో కొండల్లో ఒక ఎల్క్ అనుభవించింది.

మా పెదనాన్న కొడుకు డెన్వర్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. హెచ్-1బి. వాళ్ల ఆఫీసులో సెప్టెంబర్ వచ్చిందంటే సగం టీమ్ సెలవు పెట్టేస్తుందట. మన దగ్గర సంక్రాంతికి హాస్టల్ ఖాళీ అయినట్టు. ఎక్కడికి అంటే ఎల్క్ వేటకి. ఎల్క్ అంటే జింక జాతే కానీ మన దుప్పిని చూసి ఊహించుకోవద్దు. మగది మూడు వందల కిలోలు దాటుతుంది. సెప్టెంబర్‌లో అవి జత కట్టే కాలం, మగవి కొండంతా వినిపించేలా సన్నగా, పొడుగ్గా కూస్తాయి. అన్నయ్య మొదటిసారి ఆ కూత ఫోన్‌లో రికార్డ్ చేసి పంపినప్పుడు నేను ఎవరో పిల్లనగ్రోవి పాడు చేస్తున్నారనుకున్నా.

అలా మొదలైంది. ముందు టార్గెట్ రేంజ్‌కి వెళ్లాడు. తర్వాత కాంపౌండ్ విల్లు కొన్నాడు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది చూడండి, ఆ రకం విల్లే. చివర్లలో కప్పీల్లాంటి చక్రాలుంటాయి. లాగేటప్పుడు మొదట్లో బరువు, పూర్తిగా లాగాక చాలా భాగం తగ్గిపోతుంది, అందుకే గురి చూసుకుంటూ కాసేపు ఆగొచ్చు. 1960ల్లో మిస్సౌరీకి చెందిన హోలెస్ ఆలెన్ అనే ఆయన దీన్ని తయారుచేసి, 1969లో పేటెంట్ తీసుకున్నాడు. తుపాకీ ఎందుకు కాదు అని అడిగితే, వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ విషయంలో అక్కడి ఫెడరల్ చట్టంలో చిక్కులున్నాయి, వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉన్నా ఆ తలనొప్పి నాకొద్దు, విల్లు ఆ చట్టం కిందికి రాదు అన్నాడు. పెద్దమ్మకి ఈ లాజిక్ ఏదీ ఎక్కలేదు. “లోన్ తీసుకుని పంపింది జింకల్ని చంపడానికట్రా?” అని వీడియో కాల్‌లో ఏడ్చింది.

ఇక్కడ ఒక పక్కమాట. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, వేట నేరం. కాబట్టి ఇది చదివి ఎవరూ నల్లమల వైపు చూడొద్దు. తరతరాలుగా అక్కడ విల్లు పట్టిన చెంచులు కూడా ఇప్పుడు పులుల అభయారణ్యంలో కాపలా పనిచేస్తున్నారు. అమెరికాలో లెక్క వేరు. ఎన్ని లైసెన్సులివ్వాలో రాష్ట్రం నిర్ణయిస్తుంది, ఆ ఫీజులు వన్యప్రాణి శాఖకే వెళ్తాయి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద వేసే పన్ను, తర్వాత విల్లు బాణాల మీద కూడా వేసిన పన్ను అడవి జంతువుల సంరక్షణకి పోతుంది. అన్నయ్య విల్లు ధరలో ఆ పన్ను కూడా ఉంది. ఈ మాట చెప్తే పెద్దమ్మ కాస్త మెత్తబడుతుందనుకున్నాం. లేదు.

సరే, అసలు గైడ్ ఎందుకు? కొలరాడోలో లైసెన్స్ ఉంటే సొంతంగా వెళ్లొచ్చు, చాలామంది అలాగే వెళ్తారు. వ్యోమింగ్ లాంటి చోట మాత్రం బయటి రాష్ట్రంవాళ్లు ప్రభుత్వం వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన ప్రాంతంలో పెద్ద జంతువులని వేటాడాలంటే గైడ్ ఉండి తీరాలి. అన్నయ్యకి చట్టం అడ్డం కాదు, నేర్పేవాళ్లే లేరు. వాళ్ల టీమ్‌లో వేటకెళ్లే ప్రతివాడూ పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాన్న వెనకో తాత వెనకో నడిచి నేర్చుకున్నవాడే. గాలి ఎటు వీస్తోందో, ఆ రక్తపు చుక్క రంగు ఏం చెప్తోందో పుస్తకంలో చదివితే రాదు. అన్నయ్య వాళ్ల నాన్న, అంటే మా పెదనాన్న, రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయన నేర్పింది త్రికోణమితి. రాష్ట్రం చెప్పే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అన్నయ్య పూర్తి చేశాడు, కానీ అది డ్రైవింగ్ లైసెన్స్ రాత పరీక్షలాంటిది. అందుకే డబ్బులిచ్చి ఒక నాన్నని అద్దెకి తెచ్చుకోవాల్సొచ్చింది. ఈ మాట అన్నయ్యదే, నాది కాదు.

“రేయ్, నీకు వెతకడం బాగా వచ్చు కదా, ఒక మంచి అవుట్‌ఫిట్టర్‌ని చూసిపెట్టు” అన్నాడు. అవుట్‌ఫిట్టర్ అంటే నేను మొదట బట్టలు కుట్టేవాడనుకున్నా. మేకప్ డ్రెస్ ఏదో కావాలేమో అనుకున్నా, ఆకుల డిజైన్‌ది. కాదట. అవుట్‌ఫిట్టర్ అంటే వేట యాత్ర నడిపే వ్యాపారి. గుర్రాలు, గుడారాలు, వంటమనిషి, అటవీ భూమిలో పనిచేయడానికి పర్మిట్, ఇన్సూరెన్స్, ఇవన్నీ ఆయనవి. గైడ్ అంటే ఆయన దగ్గర ఆ సీజన్‌కి పనిచేసే మనిషి. తెల్లారుజామున మన పక్కన నడిచేది అతనే. వెబ్‌సైట్ మీద పెద్ద టోపీతో ఉన్న ఫొటో అవుట్‌ఫిట్టర్‌ది, అడవిలో మన చెవిలో ‘ఆగు’ అనో ‘వదులు’ అనో చెప్పే గొంతు గైడ్‌ది. ఈ తేడా నాకు ఏడాది ఆలస్యంగా అర్థమైంది.

నేను చేసిన పని వినండి. పైథాన్‌లో ఒక స్క్రిప్ట్ రాసి ఇరవైమూడు అవుట్‌ఫిట్టర్ల వెబ్‌సైట్ల నుంచి వివరాలు లాగి ఒక షీట్ తయారుచేశా. సక్సెస్ రేటుకి నలభై మార్కులు, స్టార్ రేటింగ్‌కి ముప్ఫై, ధరకి ఇరవై, ఫొటోలకి పది. అవును, ఫొటోలకి. కొమ్ముల పక్కన మోకాళ్ల మీద కూర్చుని నవ్వుతున్న మనుషులు ఎంతమంది ఉంటే అన్ని మార్కులు. ఫస్ట్ ఇయర్‌లో కొత్తగా చేరిన ఉత్సాహం, పైగా సార్ట్ బటన్ మీద అపారమైన నమ్మకం. మొదటి స్థానంలో వచ్చినవాళ్ల సక్సెస్ రేటు ఎనభై శాతం పైన. అన్నయ్యకి పంపా. “నువ్వు మామూలోడివి కాదురా” అన్నాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, డిలీట్ చేయాలనిపిస్తుంది, చేయను.

ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది. కొలరాడోలో విల్లుతో ఎల్క్ వేటకి వెళ్లినవాళ్లలో సుమారుగా పదిమందికి ఒకరిద్దరే విజయవంతంగా తిరిగొస్తారు. మంచి గైడ్, మంచి స్థలం ఉంటే అది పెరుగుతుంది, నిజమే. కానీ పదిమందిలో ఎనిమిదిమందా? తర్వాత గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేంటంటే, ఆ లెక్కలో రైఫిల్ వేటగాళ్లనీ కలిపేశారు. రైఫిల్‌తో మూడు వందల గజాల నుంచి కూడా కొడతారు, విల్లుతో మామూలుగా నలభై గజాల లోపలికి చేరాలి. రెండూ రెండు వేరే ఆటలు. ఇంకోటి, ‘సక్సెస్’ అంటే వాళ్ల భాషలో ‘షాట్ ఆపర్చునిటీ’, అంటే బాణం వదలడానికి అవకాశం దొరకడం. డెబ్భై గజాల దూరంలో చెట్ల మధ్య కొమ్ములు కనిపించినా అది అవకాశమే. మన మెషిన్ లెర్నింగ్ మేడమ్ క్లాసులో ఎప్పుడూ అంటుంది కదా, లేబుల్ ఏంటో తెలియకుండా యాక్యురసీ చూడొద్దని. నేను ఆ క్లాసుకి రాకముందే ఆ తప్పు చేసేశా.

ధర ఆరు వేల డాలర్లు. అంటే ఇక్కడ నా నాలుగేళ్ల ఫీజు కంటే ఎక్కువ. సగం అడ్వాన్స్, తిరిగివ్వరు.

నాలుగో రోజు సాయంత్రం. పది వేల అడుగుల ఎత్తు, ఊపిరాడక అన్నయ్య అప్పటికే రెండు కిలోలు తగ్గాడు. మూడు రోజులు ఏమీ కనబడలేదు. అప్పుడు ఒక మగ ఎల్క్ మైదానం అంచుకొచ్చి నిలబడింది. గైడ్ దూరం కొలిచాడు, యాభై ఎనిమిది గజాలు. అన్నయ్య ప్రాక్టీసులో నమ్మకంగా కొట్టగలిగింది నలభై. తల అడ్డంగా ఊపాడట. గైడ్ మెల్లిగా చెవిలో, “నువ్వు కొట్టగలవు. ఇదే నీ ఛాన్స్. వదులు” అన్నాడు.

వదిలాడు. బాణం గాల్లో ఉండగా ఎల్క్ ఒక అడుగు ముందుకేసింది. ఊపిరితిత్తుల దగ్గర తగలాల్సింది పొట్టలో తగిలింది.

విల్లు వేటలో జంతువు బాణం దెబ్బకి కాదు, రక్తం పోయి చనిపోతుంది. ఊపిరితిత్తుల్లో తగిలితే నిమిషాల్లో పడిపోతుంది. పొట్టలో తగిలితే గంటలు పడుతుంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, కదలకుండా వెనక్కి వచ్చేసి చాలా గంటలు ఆగడం. వెంటపడకపోతే అది దగ్గర్లోనే పడుకుంటుంది, పడుకున్నచోటే చనిపోతుంది. వెంటపడితే భయంతో కిలోమీటర్లు పోతుంది. వేట నేర్పే ఏ కోర్సులోనైనా మొదట చెప్పే విషయం ఇది. ఆ గైడ్ ఇరవై నిమిషాలకే “పద పద” అన్నాడు. చీకటి పడేదాకా తరిమారు. రాత్రి వాన పడి రక్తపు జాడ పోయింది. మర్నాడు పదింటిదాకా వెతికారు. తర్వాత గైడ్ గడియారం చూసుకున్నాడు, తర్వాతి బ్యాచ్‌ని దించుకోవడానికి కిందికి వెళ్లాలట. గాయపడిన జంతువుని వెతికే ప్రయత్నం చేయాలని కొలరాడో చట్టంలోనే ఉంది. ప్రయత్నం చేశాం కదా అన్నాడట.

ఆ రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు. మనకి పగలు, నేను డీబీఎంఎస్ ల్యాబ్‌లో ఉన్నా. కారిడార్‌లోకొచ్చి ఎత్తితే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “రేయ్, ఒకటి వెతికిపెట్టు. అలా తగిలితే అది ఎన్ని గంటలు బతుకుతుందో చూడు” అన్నాడు. నేను టైప్ చేశా. మొదటి రిజల్ట్ చదివి, “నెట్ రావట్లేదన్నయ్యా” అని అబద్ధం చెప్పా.

వదిలింది అన్నయ్యే కదా, గైడ్‌ని ఎందుకు అంటున్నావ్ అని మీరు అడగొచ్చు. నా రూమ్మేట్ అడిగాడు. అన్నయ్య కూడా అదే అంటాడు, వేలు నాదే అని. నిజమే, ఆ పాపంలో మొదటి వాటా వాడిదే. కానీ నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఆరు వేల డాలర్లు కట్టి, నాలుగు రోజులు ఏమీ కనబడక, ఊపిరాడని ఎత్తులో, చేతులు వణుకుతుంటే, ఎదురుగా మొదటిసారి ఆ జంతువుని చూసిన మనిషి తనంతట తాను ఆగడం చాలా కష్టం. ఆ క్షణంలో ఆపగలిగేది పక్కనున్నవాడే. ఎల్క్‌ని చూపించడానికి గైడ్ అక్కర్లేదు, దాని కూత అర కిలోమీటర్ వినిపిస్తుంది. ‘వద్దు’ అని చెప్పడానికే గైడ్ కావాలి. మనం డబ్బులిచ్చేది ఆ ‘వద్దు’కి.

దశరథుడి కథే చూడండి. చీకట్లో నీళ్ల చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు, శ్రవణకుమారుడు పడిపోయాడు. శబ్దవేధి గొప్ప విద్యే. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్తుంటే నాకు ఆ విద్య ఎలా నేర్చుకోవాలా అని మాత్రమే ఉండేది. ఇప్పుడు నాకొచ్చే ప్రశ్న, అంతటి రాజుతో ఆ రాత్రి ‘మహారాజా, కనబడనిదాని మీద వేయొద్దు’ అని చెప్పగలిగే మనిషి ఒక్కడు కూడా ఎందుకు లేడని. ఉన్నా చెప్పి ఉండకపోవచ్చు. జీతం ఇచ్చేవాడికి వద్దని చెప్పడం ఎప్పుడూ కష్టమే, సెప్టెంబర్‌లో కొలరాడోలోనైనా.

అందుకే సక్సెస్ రేటు చూసి గైడ్‌ని ఎంచుకోవడం తప్పు అంటున్నా. అది తక్కువ చేసి చూపించిన అబద్ధమనో ఎక్కువ చేసి చూపించిన అబద్ధమనో కాదు. ఆ అంకె నిజమే అయినా ప్రమాదం. ఆ అంకె పెంచుకోవాలనే ఒత్తిడి మీద బతికే వ్యాపారి దగ్గర పనిచేసే గైడ్‌కి, యాభై ఎనిమిది గజాల దగ్గర ‘వదులు’ అనడమే లాభం. తగిలితే ఫొటో, తగలకపోతే ‘అవకాశం ఇచ్చాం’.

మనకిది తెలియంది కాదు. ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు మనమందరం చూసిందేంటి? ఫ్లెక్సీల మీద హయ్యస్ట్ ప్యాకేజ్, కింద నవ్వుతున్న పన్నెండు మొహాలు. ఆ మొహాలు నిజమే, ప్యాకేజీ నిజమే. కానీ ప్లేస్‌మెంట్ రాని సీనియర్ నంబర్ ఇస్తాం, మాట్లాడి చూడండి అన్న కాలేజీ ఒక్కటైనా ఉందా? అడిగినవాళ్లం ఉన్నామా? నేను అడగలేదు. అవే కళ్లతో ఎల్క్ ఫొటోలు కూడా చూశా, అందులో ఆశ్చర్యమేముంది.

రెండోసారి వెతుకుతానని నేనే అన్నా. అన్నయ్య ఆరు నెలలు విల్లు ముట్టుకోలేదు, అమ్మేస్తానన్నాడు. మార్చిలో మళ్లీ రేంజ్‌కి వెళ్లడం మొదలుపెట్టాడు, ఎందుకో నేను అడగలేదు. ఈసారి స్క్రిప్ట్ లేదు, షీట్ లేదు. ఫోన్లు చేశా, చేయించా. నా ఇంగ్లిష్ యాసకి అవతలివాళ్లు రెండుసార్లు ‘పార్డన్’ అంటే సిగ్గుపడి చాట్‌లోకి పారిపోయే టైపు నేను, అయినా చేశా.

లైసెన్స్ చూడటం తేలికైన పని, అందుకే త్వరగా చెప్పేస్తా. కొలరాడో, మోంటానా, ఐడాహో, వ్యోమింగ్, వీటన్నిటిలో అవుట్‌ఫిట్టర్లని రిజిస్టర్ చేసే ప్రభుత్వ విభాగాలున్నాయి, పేరు కొట్టి చూసుకోవచ్చు. నేషనల్ ఫారెస్ట్‌లో తిప్పుతానంటే ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ ఉండాలి, ఏ రేంజర్ ఆఫీసు కిందికి వస్తుందో అడిగి ఆ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఈ ప్రశ్న వినగానే మాట తడబడినవాళ్లు ఇద్దరు దొరికారు. కొట్టేశా. లాటరీలో లైసెన్స్ రాకపోతే అడ్వాన్స్ ఏమవుతుందో కాగితం మీద రాసివ్వాలి. ఇవన్నీ దాటినా మనిషి మంచివాడని అర్థం కాదు. మొదటి ఏడాది వాళ్లకి కూడా ఈ కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి.

అసలు ప్రశ్నలు వేరే. నాతో నడిచే గైడ్ ఎవరు, పేరేంటి, మీ దగ్గర ఎన్ని సీజన్ల నుంచి ఉన్నాడు? ఒక గైడ్‌కి ఒక్కరా, ఇద్దరా? అతను తనంతట తాను విల్లుతో వేటాడతాడా, లేక రైఫిల్ సీజన్ గైడ్‌నే సెప్టెంబర్‌లో కూడా పంపుతారా? ఇది ముఖ్యం, ఎందుకంటే విల్లు వేటంతా గాలి మీద ఉంటుంది. కొండల్లో తెల్లారుజామున చల్లగాలి కిందికి జారుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది. ఆ మార్పు జరిగే అరగంటలో ఎటువైపు ఉండాలో తెలియని గైడ్ వెనక ఎంత నడిచినా ఎల్క్ ముక్కు ముందే కనిపెట్టేస్తుంది.

ఇంకో ప్రశ్న, జంతువు గాయపడి దొరక్కపోతే మీరేం చేస్తారు? కొంతమంది దగ్గర నియమం కచ్చితంగా ఉంటుంది, రక్తం కనబడిందంటే నీ వేట అయిపోయినట్టే, దొరికినా దొరక్కపోయినా మిగిలిన రోజులు దాన్ని వెతకడానికే. ఆఫ్రికాలో డబ్బులు కట్టి వెళ్లే సఫారీల్లో కూడా గాయపరిచి పోగొట్టుకుంటే ఆ జంతువు రుసుం పూర్తిగా కట్టాలి. మొదట వినగానే ఇది దోపిడీ అనిపించింది. ఆలోచిస్తే, ఈ నియమం ఉన్నచోటే మనిషి బాణం వదిలేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. ‘అలాంటిది మా దగ్గర జరగదండీ’ అని నవ్వినవాళ్లని కూడా కొట్టేశా. జరగని చోటు లేదు.

చివరిది, ఈ వ్యాసం పేరు. ప్రతి అవుట్‌ఫిట్టర్ దగ్గరా పాత కస్టమర్ల నంబర్ల జాబితా ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఆ జాబితాలో అందరూ ఎల్క్ కొట్టినవాళ్లే. నేను అడిగింది, కిందటేడు మీ దగ్గరికొచ్చి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్ల నంబర్లు మూడివ్వండి అని. ఒకాయన ఫోన్ పెట్టేశాడు. ఒకాయన మెయిల్ చేస్తానని చేయలేదు. ఒకావిడ, ఆ అవుట్‌ఫిట్టర్ భార్య, లెక్కలన్నీ ఆవిడే చూసుకుంటుంది, ఒక్క క్షణం ఆగి, “మూడు చాలా? నా దగ్గర బోలెడున్నాయి” అంది.

ఆ ముగ్గురితో అన్నయ్య మాట్లాడాడు. ముగ్గురూ ఏమీ కొట్టలేదు. ఒకాయన గైడ్ తనని ముప్ఫై ఐదు గజాల దగ్గర ఆపేశాడని ఇప్పటికీ కోపంగా ఉన్నాడు. ముందు కొమ్మ అడ్డముందని గైడ్, లేదని ఈయన. ఆ కోపం చూసే అన్నయ్య అడ్వాన్స్ కట్టాడు.

వాళ్లు తిరిగి అన్నయ్యని అడిగిన ప్రశ్నలు చూసి నేను ఇంకా నమ్మా. మొదటివాళ్లు అడిగింది కార్డ్ నంబరూ చొక్కా సైజూ. వీళ్లు అడిగినవి: బీపీ ఉందా, ఎత్తులో ఎప్పుడైనా పడుకున్నావా, మోకాళ్ల మీద కూర్చుని కొట్టగలవా, బ్యాగ్ తగిలించుకుని కొట్టగలవా. ఆపైన ఒక వీడియో అడిగారు. పొద్దున లేచి, వార్మప్ లేకుండా, ఆ రోజు మొదటి బాణం. ఒక్కటే. నలభై గజాల దగ్గర, భోజనం ప్లేటంత టార్గెట్. అలా పది రోజులు, పది వీడియోలు. రేంజ్‌లో ముప్ఫయ్యో బాణం ఎవరైనా కొడతారు, అడవిలో దొరికేది మొదటిదే అని వాళ్ల వాదన. పదిలో ఏడు తగిలాయి. “అయితే నీ దూరం ముప్ఫై” అని రాసి పంపారు. అన్నయ్యకి అహం దెబ్బతింది. పరవాలేదు.

కిందటి సెప్టెంబర్‌లో వెళ్లాడు. గైడ్‌కి అరవై దాటి ఉంటాయట, మాట్లాడేది తక్కువ, జేబులో పౌడర్ సీసా, ప్రతి పది అడుగులకీ కాస్త గాల్లోకి చల్లి చూస్తాడు. ఐదో రోజు ఒక మగ ఎల్క్ ముప్ఫై రెండు గజాలకి వచ్చింది. అన్నయ్య విల్లు పూర్తిగా లాగి ఉన్నాడు. ఎల్క్ ఎదురుగా చూస్తూ నిలబడింది, పక్కకి తిరగలేదు. ఎదురుగా ఉన్నప్పుడు ఛాతీ ఎముకలు అడ్డం, బాణం సరిగా దిగదు. గైడ్ ఏమీ అనలేదు, చేత్తో అన్నయ్య మోచేతిని తాకాడు. అంతే. ఒకటిన్నర నిమిషం. చేతులు వణికి, విల్లు దించేశాడు. ఎల్క్ వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గైడ్ తన ఫ్లాస్క్‌లో కాఫీ సగం పోసిచ్చి, “నువ్వు బాగా వేటాడావ్” అన్నాడట. ఈ మాట చెప్పేటప్పుడు అన్నయ్య గొంతు మారింది. అద్దె నాన్న అని ఎందుకన్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

మీలో ఎవరూ ఎల్క్ వేటకి వెళ్లరని నాకు తెలుసు. కానీ మన కాలేజీ నుంచే ఈ డిసెంబర్‌లో రెండు బ్యాచ్‌లు కేదార్‌కాంఠ ట్రెక్‌కి బుక్ చేసుకున్నాయి, రెండూ ఇన్‌స్టాలో రీల్స్ చూసే. ఆర్గనైజర్‌ని అడగండి, కిందటేడు శిఖరం దాకా వెళ్లకుండా మధ్యలో దించేసినవాళ్ల నంబర్ ఒకటివ్వమని. ఎవరినీ దించలేదు, అందరూ ఎక్కారు అంటే, నాకైతే భయమేస్తుంది.

అన్నయ్య ఈసారి కూడా అదే గైడ్‌తో వెళ్తున్నాడు. పెద్దమ్మకి ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పొద్దు. పోయిన వారం ఒహాయో నుంచి ఎవరో అన్నయ్యకి ఫోన్ చేశారు, ఆవిడ నంబర్ ఇచ్చిందట. ఖాళీ చేతులవాళ్ల జాబితాలో ఇప్పుడు మా అన్నయ్య కూడా ఉన్నాడు.

“మొదటి ప్రశ్న ఏమడిగాడు?” అన్నా.

“ఎంత పెద్దది కొట్టావ్ అని.”

“నువ్వేమన్నావ్?”

“ఏమీ కొట్టలేదన్నా. కాసేపు చప్పుడు లేదు, పెట్టేశాడేమో అనుకున్నా. తర్వాత, ‘సరే, కూర్చున్నాను, చెప్పండి’ అన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడాంరా.”